చేతులు బల్ల మీద



మన మాటల్లో చాలాకాలం కిందటే చోటు చేసుకున్న ఒక ఇంగ్లీషు పలుకుబడి గురించి ఈ పూట మాట్లాడాలనుకుంటున్నాను. ఒక వ్యవహారంలో దాపరికం ఏమీ లేదని నమ్మించాల్సి వచ్చినప్పుడు, 'అంతా ఎబవ్ బోర్డేనండీ' అంటారు మనవాళ్ళు. కాంట్రాక్టరు అంటాడు. సహకార సంఘం కార్యదర్శి అంటాడు. స్థలం అమ్మిపెట్టే మధ్యవర్తి మరీ గట్టిగా అంటాడు. వినేవాళ్ళకు భావం అందుతుంది. అయితే, ఆ బోర్డు ఏ బోర్డు? దాని పైన ఉన్నదేమిటి? కింద ఉంటే వచ్చే ముప్పేమిటి? ఈ ప్రశ్నల వెంట నాలుగు వందల ఏళ్ళు వెనక్కి నడిస్తే, నిజాయితీ గురించి మనం సాధారణంగా అనుకోని సంగతి ఒకటి ఎదురవుతుంది. నన్ను ఈ ప్రసంగానికి పురిగొల్పింది ఆ సంగతే.

ముందు బోర్డు సంగతి. పాత ఇంగ్లీషులో బోర్డు అంటే చెక్క, పలక. మధ్యయుగాల ఇంగ్లండులో పెద్దపెద్ద లోగిళ్ళలో కూడా భోజనాల బల్ల ఒకచోట స్థిరంగా ఉండేది కాదు. నాలుగు కాళ్ళ దిమ్మెల మీద పొడవాటి పలకలు పరిచి వడ్డన చేసేవాళ్ళు. తినడం అయ్యాక పలకలు ఎత్తి గోడకు ఆనించేవాళ్ళు. అలా పలక అనే మాటే భోజనాల బల్లకు పేరయింది, తర్వాత బల్ల మీది భోజనానికీ పేరయింది. బోర్డింగు, లాడ్జింగు అంటున్నామే, అందులోని బోర్డింగు ఈ అన్నం పెట్టే బల్లే. కప్పులు పెట్టుకునే పలకే కప్‌బోర్డు. ఒక బల్ల చుట్టూ కూర్చుని నిర్ణయాలు చేసే పెద్దమనుషుల బృందానికి కూడా ఆ బల్ల పేరే వచ్చింది. 1786లో మద్రాసులో ఏర్పడిన బోర్డ్ ఆఫ్ రెవెన్యూ మన సర్కారు జిల్లాల శిస్తుల తలరాతను ఎన్నో తరాలపాటు రాసింది. 1884 చట్టంతో లోకల్ బోర్డులు వచ్చాయి, జిల్లా బోర్డులు వచ్చాయి. మన తాతల కాలంలో జిల్లా బోర్డు ప్రెసిడెంటు అంటే మాటలు కాదు. ఇవాళ ఇంటర్ బోర్డు అంటున్నప్పుడు మన నోటి వెంట వస్తున్నది ఆ పాత చెక్కబల్లే.

కనుక ఎబవ్ బోర్డ్ అంటే బల్లకు పైన. ఏమిటి బల్లకు పైన? చేతులు. ఎవరి చేతులు? పేకాట ఆడేవాళ్ళ చేతులు.

పేకముక్కలు ఐరోపాలోకి 14వ శతాబ్దంలో వచ్చాయి. మరో వందేళ్ళకు ఇంగ్లండులో వాటి గిరాకీ ఎంత పెరిగిందంటే, 1463లో నాలుగో ఎడ్వర్డ్ రాజు కాలంలో, స్వదేశీ చేతివృత్తులను కాపాడటానికి విదేశాల నుంచి తేకూడదని నిషేధించిన సరుకుల పట్టికలో పేకముక్కలను కూడా చేర్చాల్సి వచ్చింది. 1541లో ఎనిమిదో హెన్రీ ఇంకొక చట్టం చేశాడు. కూలీలు, రైతులు, పనివాళ్ళు, వృత్తి నేర్చుకునే కుర్రాళ్ళు పేక, పాచికలు ముట్టుకోకూడదు, క్రిస్మస్ రోజుల్లో మాత్రం యజమాని ఇంట్లో ఆడుకోవచ్చు. మగవాళ్ళంతా సెలవు దొరికితే విలువిద్య సాధన చేయాలని, యుద్ధానికి పనికిరావాలని ప్రభుత్వం కోరిక. ఆ కోరిక నెరవేరలేదు. లండను సారాయి కొట్లలో, సత్రాల్లో ఆట సాగుతూనే ఉంది.

ఆటతోపాటు తొండి కూడా ఒక వృత్తిగా ఎదిగింది. రాబర్ట్ గ్రీన్ అనే రచయిత 1591, 92 సంవత్సరాల్లో వరసగా చిన్న చిన్న పుస్తకాలు అచ్చువేసి ఈ వృత్తి గుట్టు బయటపెట్టాడు. ఊరినుంచి లండనుకు పనిమీద వచ్చిన రైతును ఎలా పట్టేవాళ్ళో వివరంగా రాశాడు. మోసగాళ్ళు ఆ రైతును కుందేలు అని పిలుచుకునేవాళ్ళు. ముఠాలో ఒకడి పని దారిలో అతణ్ణి పలకరించి, ఊరూ పేరూ రాబట్టి, తాగుదాం రమ్మని సత్రంలోకి తేవడం. రెండోవాడు మీ ఊరి వాళ్ళు నాకు తెలుసంటూ చుట్టరికం కలిపి ఆట మొదలుపెట్టిస్తాడు. మూడోవాడు ఏమీ ఎరగని బాటసారిలా లోపలికి వచ్చి పందెంలో చేరతాడు. ముగ్గురూ ఒకరికొకరు కొత్తవాళ్ళలా నటిస్తారు. ఆట ముగిసేసరికి రైతు దగ్గర గుర్రం కూడా మిగలదు.

ఈ పనంతటికీ అనువైన చోటు బల్ల కింద. పంచిన ముక్కలు చేత పట్టుకుని, చెయ్యి ఒకసారి మోకాళ్ళ మీదకు దించితే చాలు. ఒళ్ళో ముందే దాచిన రాజో ఆసో చేతిలోకి వస్తుంది, పనికిరాని ముక్క ఒళ్ళోకి పోతుంది. కాలుతో కాలు తొక్కి జతగాడికి సైగ చేయవచ్చు. అందుకని ఆటకు కూర్చున్నవాళ్ళు ఒకరినొకరు కోరుకునే మొదటి మర్యాద ఒక్కటే: చేతులు బల్ల మీదే ఉండాలి. నువ్వు మంచివాడివో కాదో నేను నిర్ణయించలేను, నీ చేతులు మాత్రం నాకు కనిపించాలి.

ఇంచుమించు ఆ సంవత్సరాల్లోనే, 1595 ప్రాంతంలో, రోము నగరంలో కరవాజ్జో అనే యువ చిత్రకారుడు ఈ దృశ్యాన్ని బొమ్మ కట్టాడు. ఆ చిత్రం ఇవాళ అమెరికాలో, టెక్సస్ రాష్ట్రం ఫోర్ట్‌వర్త్‌లోని కింబెల్ మ్యూజియంలో ఉంది. చిన్న బల్ల. ఒకవైపు మంచి బట్టలు తొడుక్కున్న పిల్లవాడు తన ముక్కల్లో లీనమై ఉన్నాడు. వాడి వెనక నుంచి ఒక నడివయసు మనిషి ముక్కల్లోకి తొంగిచూస్తూ వేళ్ళతో సంకేతం ఇస్తున్నాడు. అతని చేతి తొడుగు వేళ్ళ దగ్గర చిరిగి ఉంది. ఎదుటి కుర్రవాడు ఎడమచేయి బల్ల మీద ఆనించాడు, కుడిచేయి వీపు వెనక్కి పోనిచ్చి నడుము పట్టీలో దోపుకున్న ముక్కను లాగుతున్నాడు. చిత్రం చూస్తున్న మనకు ఆ చెయ్యి కనిపిస్తుంది. ఆడుతున్న పిల్లవాడికి కనిపించదు. మోసమంతా ఆ కొద్దిపాటి తేడాలోనే ఉంది. వాడి ముఖంలో అమాయకత్వం ఎంత అందంగా గీశాడో, ఎదుటివాడి ముఖంలోనూ అంతే యౌవనం, అంతే నునుపు గీశాడు కరవాజ్జో. ముఖాలు చూసి ఎవరు దొంగో చెప్పలేం. చెయ్యి చూస్తేనే తెలుస్తుంది. ఈ పలుకుబడికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం ఎవరూ రాయలేదని నా అభిప్రాయం.

ఇక ఈ మాట కాగితం మీద ఎప్పుడు కనిపిస్తుంది? 1608లో జోసెఫ్ హాల్ అనే మతాచార్యుడు రకరకాల మనుషుల స్వభావ చిత్రణలు ఒక పుస్తకంగా వెలువరించాడు. తర్వాతి కాలంలో ఈయన ఎక్సెటర్‌కు, నారిచ్‌కు బిషప్ అయ్యాడు. అందులో నిజాయితీపరుణ్ణి వర్ణిస్తూ, అతని వ్యవహారాలన్నీ చక్కగా, బల్లకు పైనే జరుగుతాయని రాశాడు. ఒక క్రైస్తవ గురువు సద్గుణాన్ని బోధించడానికి జూదగాళ్ళ భాష వాడుకున్నాడంటే, ఆ మాట అప్పటికే జనం నోళ్ళలో నాని, జూదం వాసన కొంత వదిలించుకుని ఉండాలి. ఇంకో పదేళ్ళు దాటాక లండను నాటకాల్లోనూ ఆ మాట వినిపిస్తుంది. 1755లో శామ్యూల్ జాన్సన్ తన గొప్ప నిఘంటువులో దీనికి అర్థమిస్తూ, ఇది పేకాటగాళ్ళ నుంచి ఎరువు తెచ్చుకున్న మాట అనీ, వాళ్ళు చేతులు బల్ల కిందకి పోనిస్తే ముక్కలు మారుస్తున్నట్టే లెక్క అనీ వివరించాడు. ఇది ఇంట్లో, స్నేహితుల మధ్య వాడుకునే మాటే తప్ప గంభీర రచనకు తగదని కూడా ఒక హెచ్చరిక చేర్చాడు. ఆ హెచ్చరికను కాలం పట్టించుకోలేదు. ఇవాళ పార్లమెంటులో మంత్రులు వాడే మాట అది.

  

ఎబవ్ బోర్డ్‌కు ఇంకొక పుట్టుక కథ కూడా ప్రచారంలో ఉంది. అది వినడానికి మహా రంజుగా ఉంటుంది. సముద్రపు దొంగలు తమ ముఠాలో చాలామందిని ఓడ అడుగు అంతస్తులో దాచి, పైన నలుగురు సాదాసీదా నావికుల్ని మాత్రం నిలబెట్టి, వర్తకుల ఓడను దగ్గరకు రానిచ్చేవాళ్ళట. నిజాయితీ గల ఓడ అయితే మనుషులందరూ పైనే కనిపిస్తారు కనుక ఎబవ్ బోర్డ్ అన్నారట. ఓడల భాషలో బోర్డు అనే మాట ఉన్న సంగతి నిజమే. ఓడ పక్కభాగాన్ని బోర్డు అంటారు. ఓవర్‌బోర్డ్ అంటే ఆ పక్కను దాటి నీళ్ళలో పడటం, ఆన్ బోర్డ్ అంటే ఓడ ఎక్కి ఉండటం. కానీ బోర్డంటే ఓడ పక్క అయినప్పుడు, అడుగు అంతస్తులో దాక్కోవడానికి దానికి 'కింద' ఎక్కడుంది? ఓడ మీది అంతస్తుకు ఇంగ్లీషులో డెక్ అనే వేరే మాట ఉంది. పైగా పాత వాడుకల్లో ఈ మాట పక్కన ఉన్నవి ఆట, న్యాయమైన ఆట, వ్యవహారం, చేతులు. సముద్రం జాడ లేదు. జాన్సన్ ఒక్కడు చెప్పాడని పేకాట కథను నమ్మనక్కర్లేదు. ఆయన ఆ మాట పుట్టిన నూట యాభై ఏళ్ళకు రాశాడు. పాత వాడుకలు ఏ సంగతుల నడుమ కనిపిస్తున్నాయో చూసి నమ్మాలి. అలా చూస్తే పేకాట బల్లే నిలుస్తుంది. దొంగల ఓడ కథ మనకు నచ్చడానికి కారణం అందులో సాహసం ఉండటమే. పుట్టుక కథల్లో నచ్చడం ఎక్కువైనప్పుడు అనుమానం కూడా ఎక్కువ కావాలి.

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఆ సంగతికి వస్తాను. దాపరికం లేకపోవడం అనగానే మనకు గుర్తొచ్చేది మనసు విప్పి చెప్పడం, ఉన్నదున్నట్టు బయటపెట్టడం, కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడటం. ఎబవ్ బోర్డ్‌లో వీటిలో ఏ ఒక్కటీ లేదు. ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషిని ఒకసారి ఊహించుకోండి. అతని చేతులు బల్ల మీదే ఉన్నాయి. కానీ చేతిలోని ముక్కలు? వాటిని గుండెకు దగ్గరగా పట్టుకున్నాడు. ఎవరికీ చూపించడు. చూపించమని అడిగే హక్కు కూడా ఎవరికీ లేదు. అతని ముఖంలో భావం తెలియదు. తర్వాత ఏ ముక్క వేస్తాడో చెప్పడు. ఇంత రహస్యం తన దగ్గర పెట్టుకున్న మనిషిని ఆ పలుకుబడి నిజాయితీపరుడు అంటోంది. ఎందుకంటే అతను రహస్యంగా ఉంచుకున్నది తన ముక్కల్ని. ఆట నియమాన్ని అతను చాటుకు తీసుకుపోలేదు. ఏది దాచుకోవచ్చో, ఏది దాచకూడదో ఇంత కచ్చితంగా గీత గీసి చూపించే మాట మరొకటి నాకు తట్టలేదు.

ఈ గీత ఎంత విలువైనదో ఇంగ్లండు ఎన్నికల చరిత్ర చెబుతుంది. 1872 దాకా అక్కడ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు బహిరంగం. ఓటరు అందరి ముందు నిలబడి తన ఓటు ఎవరికో పైకి చెప్పాలి. గుమాస్తా దాన్ని పుస్తకంలో రాసుకుంటాడు. ఎవరు ఎవరికి ఓటు వేశారో తెలిపే ఆ పుస్తకాలను అచ్చువేసి అమ్మేవాళ్ళు కూడా. ఇంతకు మించిన బహిరంగత ఏముంటుంది? దాని ఫలితం మాత్రం లంచం, బెదిరింపు. భూస్వామి తన కౌలుదారు నోటిని గమనిస్తూ నిలబడేవాడు. డబ్బిచ్చి ఓటు కొన్నవాడికి, కొన్న సరుకు చేతికందిందో లేదో అక్కడికక్కడే తెలిసిపోయేది. అందుకే 1838లో చార్టిస్టులనే శ్రామికుల ఉద్యమకారులు తమ కోర్కెల పత్రంలో రహస్య ఓటును చేర్చారు. ఓటు రహస్యమైతే మగతనం కాదని, పిరికితనమని పెద్దలు వాదించారు. ఆస్ట్రేలియాలోని కొన్ని వలసలు 1856లోనే రహస్య ఓటు తెచ్చుకున్నాయి. ఇంగ్లండు 1872 జులై దాకా ఆగింది.

ఆ చట్టం చేసిన ఏర్పాటు ఒక్కసారి గమనించండి. ఓటరు గుర్తు వేసే చోటు చాటయింది. మిగతాదంతా వెలుగులోకి వచ్చింది. పోలింగు మొదలయ్యే ముందు అధికారి ఖాళీ పెట్టెను అక్కడున్నవాళ్ళకు చూపించాలి, ఆ తర్వాతే తాళం వేసి సీలు కొట్టాలి. 1872 ఆగస్టు 15న యార్క్‌షైరులోని పాంటీఫ్రాక్ట్ పట్టణంలో జరిగిన ఉప ఎన్నిక ఈ పద్ధతిలో జరిగిన మొదటి పార్లమెంటు ఎన్నిక. ఆ ఊరు అతిమధురం వేరుతో చేసే మిఠాయిలకు ప్రసిద్ధి. పెట్టెకు వేసిన లక్క ముద్ర కూడా మిఠాయిల ఫ్యాక్టరీలో బిళ్ళల మీద అచ్చు కొట్టే ముద్రతోనే వేశారు. ఆ పెట్టె, ఆ ముద్రలు ఆ ఊరి మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి.

మన పోలింగు కేంద్రాల్లో ఏజెంటుగా కూర్చున్న శ్రోతలు ఉంటే ఈ వరస వాళ్ళకు కొత్తగా అనిపించదు. తెల్లవారుజామున, అసలు పోలింగు మొదలు కాకముందే, ఏజెంట్ల ఎదుట యంత్రంలో కనీసం యాభై నమూనా ఓట్లు వేసి, లెక్క సరిపోయిందని చూపించి, వాటిని చెరిపేసి, సీలు వేసి, ఏజెంట్ల సంతకాలు తీసుకుంటారు. సాయంత్రం మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో రాసిన 17సి ఫారం నకలు ఏజెంటు చేతికి ఇస్తారు. ఓటరు ముక్కలు ఓటరు దగ్గరే. చేతులు మాత్రం బల్ల మీద. సీలు వేసిన టెండర్లు కూడా ఇలాంటివే: గడువు దాకా ఎవరి ధర ఎంతో ఎవరికీ తెలియకూడదు, విప్పేటప్పుడు మాత్రం వేసినవాళ్ళందరి కళ్ళెదుటే విప్పాలి. దాచడం, చూపించడం, ఈ రెండింటిలో ఒకటి తలకిందులైనా పని చెడుతుంది.

అయితే బల్ల మీద చేతులున్నంత మాత్రాన మోసం ఆగుతుందా అని మీరు అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబుగా ఇంగ్లండులోనే ఒక పేరుమోసిన వ్యాజ్యం ఉంది.

1890 సెప్టెంబరులో హల్ నగరం దగ్గర ట్రాన్‌బీ క్రాఫ్ట్ అనే భవనంలో విందు. ఇంటివారు ఓడల వ్యాపారి ఆర్థర్ విల్సన్ కుటుంబం. ముఖ్య అతిథి విక్టోరియా రాణి పెద్దకొడుకు, తర్వాత ఏడో ఎడ్వర్డ్‌గా రాజ్యమేలిన యువరాజు. రాత్రి భోజనాలయ్యాక బాకరా అనే పేకాట. పందెం బిళ్ళలు యువరాజు సొంతవి, ఎక్కడికి వెళ్ళినా వెంట తెచ్చుకునేవాడు. ఆటగాళ్ళలో స్కాట్స్ గార్డ్స్ దళానికి చెందిన లెఫ్టినెంట్ కర్నల్ సర్ విలియం గోర్డన్ కమింగ్ ఉన్నాడు. మొదటి రాత్రి ఆటలో ఇంటివారి కొడుకుకు అనుమానం వచ్చింది. ముక్కలు తనకు అనుకూలంగా పడ్డాయని తెలిశాక గోర్డన్ కమింగ్ తన పందెంలోకి ఇంకో బిళ్ళ చేరుస్తున్నాడని. మరునాటి రాత్రి బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, పందెం ఎక్కడిదాకా పెట్టాలో తెలిసేలా సుద్దతో గీత గీశారు. కొందరు కళ్ళు అప్పగించి చూశారు. బిళ్ళ మళ్ళీ గీత దాటిందని వాళ్ళ మాట.

అంటే ఆరోపణకు గురైన చెయ్యి బల్ల కిందకి పోలేదు. అంతా బల్ల పైనే, యువరాజు కళ్ళెదుటే, దీపాల వెలుతురులోనే జరిగిందన్నారు. ఆ పైన జరిగింది చూడండి. పెద్దలు కూడబలుక్కుని ఒక కాగితం తయారు చేశారు. ఇక జన్మలో పేక ముట్టనని గోర్డన్ కమింగ్ సంతకం చేయాలి, అందుకు బదులుగా ఈ సంగతి ఎవరూ బయట పొక్కనివ్వకూడదు. తాను తప్పు చేయలేదంటూనే ఆయన సంతకం పెట్టాడు. యువరాజు సహా అక్కడున్నవాళ్ళు సాక్షి సంతకాలు చేశారు. పేకాట బల్ల మీద జరిగిందన్న దాన్ని విచారించే పని మూసిన తలుపుల వెనక ముగిసింది. ఆ గుట్టు కొన్ని నెలలకు మించి ఆగలేదు. ఊరంతా పాకింది. 1891 జూన్‌లో గోర్డన్ కమింగ్ వేసిన పరువునష్టం దావా లండనులో విచారణకు వచ్చింది. యువరాజు బోనెక్కి సాక్ష్యం చెప్పాడు. జూరీ పదమూడు నిమిషాల్లో గోర్డన్ కమింగ్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. మర్నాడే సైన్యం ఆయన్ని తొలగించింది.

ఆయన నిజంగా తొండి ఆడాడా అనే చర్చ నేటికీ తెగలేదు. తెగకపోవడానికి కారణం నాకు ఆ కాగితంలోనే కనిపిస్తుంది. ఆ రాత్రే, ఆ బల్ల దగ్గరే, ఆట ఆపి బిళ్ళలు లెక్కపెట్టి, నిందమోపినవాళ్ళనూ నింద పడ్డవాణ్ణీ ముఖాముఖి మాట్లాడించి ఉంటే ఏదో ఒకటి తేలిపోయేది. యువరాజు పరువు కాపాడదామనుకున్న పెద్దమనుషులు నిజానికి నిజాన్నే బల్ల కింద పెట్టారు. బల్ల పైన చేతులుండటం అవసరమే, కానీ సందేహం వచ్చిన క్షణాన మాట కూడా బల్ల పైకి రావాలి. మన ఊళ్ళలో ఎన్ని తగాదాలు 'బయటికి పొక్కకుండా' సర్దుబాటు చేసి, ఆ సర్దుబాటే తర్వాత తరాలకు అసలు తగాదాకన్నా పెద్ద పుండుగా మార్చామో ఆలోచిస్తే బాధ కలుగుతుంది.

సందేహాన్ని బల్ల పైకి తెచ్చిన పద్ధతి ఒకటి మన తెలుగు నేల మీదే నడిచింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షను, పనుల మీద గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలని చెప్పింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1990లలో జరిపిన బహిరంగ విచారణలు దీనికి స్ఫూర్తి. చాలా రాష్ట్రాలు ఆ సెక్షనును కాగితం మీదే ఉంచేస్తే, 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని పనిలో పెట్టింది. 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీ ఏర్పడింది. కూలి కుటుంబాల నుంచి వచ్చిన, చదువుకున్న కుర్రవాళ్ళు, ఆడపిల్లలు శిక్షణ పొంది, కూలీల హాజరు రాసే మస్టర్లు చేతబట్టుకుని ఇంటింటికీ తిరిగారు. ఫలానా వారంలో నువ్వు చెరువు పూడికతీత పనిలో ఆరు రోజులున్నట్టు రాసి ఉంది, నిజమేనా? ఈ సంతకం నీదేనా? ఈ డబ్బు నీకు ముట్టిందా? దొంగ మస్టర్లు ఇలా బయటపడ్డాయి. తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి, కూలీలు, ఫీల్డ్ అసిస్టెంట్లు, పోస్టుమాస్టర్లు, ఇంజనీర్లు, అధికారులు అందరూ ఉన్నచోట ఆ వివరాలు పైకి చదివారు. మస్టరులో తన పేరున్న మనిషి లేచి, నేను ఆ పనికి పోలేదయ్యా అని మైకులో చెప్పడం వేల మంది విన్నారు.

ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది, పైకి చదవడం. మస్టరు రోలు ఎప్పుడూ ప్రభుత్వ రికార్డే, సిద్ధాంతరీత్యా ఎవరైనా చూడవచ్చు. అయినా బీరువాలో ఉన్నంతకాలం అది బల్ల కింద ఉన్నట్టే. చదువు రాని కూలి మనిషి చెవికి తన పేరు, తన పేరున రాసిన రూపాయలు వినబడినప్పుడే అది బల్ల మీదకి వచ్చింది. అందుబాటులో ఉంచడం వేరు, ఎదుటివాడికి కనిపించేలా పెట్టడం వేరు. వెబ్‌సైటులో వందల పేజీలు ఎక్కించి అంతా బహిరంగమే అనే కార్యాలయాలు నేడు చాలా ఉన్నాయి. ఆ పేజీలు చూసి తన లెక్క తాను పోల్చుకోలేని మనిషికి అక్కడ చేతులు కనిపిస్తున్నట్టు కాదు.

ఆ తనిఖీల్లో తేలిన సొమ్ములో తిరిగి వసూలైంది కొద్ది భాగమే. తప్పు తేల్చడం ఒకరి చేతిలో ఉంది, శిక్షించడం, రాబట్టడం ఇంకొకరి చేతిలో ఉంది. ఆ రెండో చెయ్యి చాలాచోట్ల ఫైళ్ళ మధ్య ఆగిపోయింది. ప్రజావేదిక మీద తేలిన ప్రతి రూపాయి పక్కన, అది ఏ తేదీన తిరిగి వచ్చింది, రాకపోతే ఏ అధికారి దగ్గర ఆగింది అనే గడి కూడా చేర్చి, తర్వాతి ప్రజావేదికలో దాన్ని కూడా మైకులో చదివించాలని కూలీల సంఘాలు అడగవచ్చు, అడగాలి కూడా. ఆ గడి నింపడానికి కొత్త చట్టం అక్కర్లేదు.